పావు మాత్ర వెనుక లెక్క: కుక్కలకు, పిల్లులకు గుండె, బీపీ మందులు

సంపాదకులు గారికి నమస్కారం.

తిరుపతిలో కుక్కనో పిల్లినో ఇంటిమనిషిలా చూసుకునే కుటుంబాలు బాగా పెరిగాయి. వేళకు టీకాలు వేయించి, మంచి తిండి పెట్టి, పన్నెండు పదమూడేళ్ల దాకా సాకుతున్నవారు ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనపడుతున్నారు. ఆ వయసు వచ్చేసరికి వాటికీ గుండె జబ్బులు, కిడ్నీ జబ్బులు, వాటి వెంట బీపీ వస్తున్నాయి. వీటికి పశువైద్యులు రాసే మందుల్లో చాలావరకు మనుషుల మందుల షాపుల్లో దొరికేవే: ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, ఎనలాప్రిల్, ఫ్రూసెమైడ్, అటెనోలాల్, క్లోపిడోగ్రెల్. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరై, ఇప్పుడు తిలక్ రోడ్డు పక్క సందులో ఒక మందుల షాపులో సాయంత్రాలు కూర్చుంటున్న నేను, ఈ మాత్రలు కౌంటరు దాటి ఎవరి నోటికి పోతున్నాయో చూస్తూనే ఉన్నాను. డాక్టరు చీటీ పట్టుకుని వచ్చేవారు కొందరు. "అన్నా, మా నాయన ఏసుకునే మాత్రే గదా, పిల్లికి సగం ఇస్తే చాలదా?" అని అడిగేవారు ఇంకొందరు. మందు మనుషులదే కావచ్చు గానీ దాని మోతాదు, వేళ, అది అవసరమో కాదో తేల్చే కొలత మాత్రం మనుషులవి కావన్న సంగతి ఇళ్లలో తెలియవలసినంతగా తెలియడం లేదు. మీ పత్రిక ద్వారా ఆ విషయమే నలుగురి దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మనలో చాలామందికి బీపీ ఫలానా కారణంతో వచ్చిందని ఎవరూ చెప్పలేరు. వయసు, ఉప్పు, ఒత్తిడి, వంశం అన్నీ కలిసి తెచ్చిపెడతాయి. జంతువులకు అలా ఊరికే రావడం తక్కువ. పిల్లికి బీపీ పెరిగిందంటే వెనుక పాడవుతున్న కిడ్నీ గానీ, అతిగా పనిచేస్తున్న థైరాయిడ్ గానీ ఉండే అవకాశం ఎక్కువ. కుక్కకు పెరిగిందంటే కిడ్నీ జబ్బో, అడ్రినల్ గ్రంథికి సంబంధించిన కుషింగ్ జబ్బో ఉందేమో చూడాలి. అందువల్ల బీపీ మాత్ర ఒక్కటే మొదలుపెట్టి అసలు జబ్బును వదిలేస్తే సగం వైద్యం కూడా జరిగినట్టు కాదు.

ఇక కుక్కల్లో తరచుగా కనపడే గుండె జబ్బుకూ బీపీకీ నేరుగా సంబంధమే లేదు. పొమేరియన్, స్పిట్జ్, డాక్స్‌హుండ్ వంటి చిన్న జాతుల్లో వయసు మీద పడేకొద్దీ గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం మందమై, ముడతలు పడి, పూర్తిగా మూసుకోవడం మానేస్తుంది. బోరు మోటారుకు ఫుట్‌వాల్వు పట్టకపోతే నీళ్లు వెనక్కి జారిపోయినట్టు, ముందుకు పోవలసిన రక్తంలో కొంత, గుండె కొట్టుకున్న ప్రతిసారీ వెనక్కి కారుతుంది. ఆ భారానికి గుండె గది ఏళ్ల తరబడి సాగి సాగి చివరకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. డాబర్‌మన్, గ్రేట్ డేన్ వంటి పెద్ద కుక్కల్లోనైతే గుండె కండరమే పలచబడి బలం కోల్పోతుంది. పిల్లుల్లో దీనికి భిన్నంగా గుండె గోడ మందమై లోపలి చోటు ఇరుకవుతుంది. ఇన్ని రకాలు ఉన్నప్పుడు "గుండెకు ఒక మాత్ర ఇవ్వండి" అని అడగడంలోనే పొరపాటు ఉంది. ఒక జబ్బుకు ప్రాణం పోసే మందు మరో జబ్బులో చెరుపు చేయవచ్చు.

పిల్లి సంగతి కాస్త వివరంగా చెబుతాను. బీపీ ఎక్కువైన పిల్లికి మొదట రాసే మందు సాధారణంగా ఆమ్లోడిపిన్. అయిదు కిలోల లోపు పిల్లికి వాడుకలో ఉన్న ఆరంభ మోతాదు రోజుకు 0.625 మిల్లీగ్రాములు. మన షాపుల్లో దొరికే ఆమ్లోడిపిన్ మాత్రలు 2.5, 5, 10 మిల్లీగ్రాములవి. అంటే 2.5 మాత్రలో పావు వంతు, 5 మాత్రలో ఎనిమిదో వంతు. పెద్దాయన రోజూ వేసుకునే 5 మిల్లీగ్రాముల మాత్రలో "సగం చాలు కదా" అని పిల్లికి వేస్తే అది కావలసినదానికి నాలుగింతలు. దానితో బీపీ ఒక్కసారిగా పడిపోయి పిల్లి నీరసంగా ఒక మూల పడి ఉంటుంది, లేచి నడిస్తే తూలుతుంది, తిండి ముట్టదు. చూసేవారు జబ్బు ముదిరిందనుకుంటారు.

ఇంతకంటే చిక్కు, ఇప్పుడు మనుషులకు రాస్తున్న బీపీ మాత్రల్లో చాలా భాగం ఒకే మందు ఉన్నవి కావు. టెల్మిసార్టన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిపినవి, టెల్మిసార్టన్‌తో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిపినవి, ఆమ్లోడిపిన్‌తో అటెనోలాల్ కలిపినవి ఎన్నో ఉన్నాయి. స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాలతో కంపెనీ పేరు ఉంటుంది. లోపల ఏమున్నదో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ మొదటి రకంలో పావు ముక్క నాలుగు కిలోల పిల్లికి వేస్తే, ఆమ్లోడిపిన్ మోతాదు రెండింతలు పడడమే కాక, పది మిల్లీగ్రాముల టెల్మిసార్టన్ కూడా అడగకుండానే లోపలికి పోతుంది. టెల్మిసార్టన్ పిల్లులకు పనికిరానిదని కాదు. వాటికోసమే తయారైన ద్రవరూపంలో అమెరికాలో 2018లో అనుమతి పొందిన మందే అది. కాని రెండూ ఒకేసారి, కొలత లేకుండా, నీరు తాగని పిల్లికి పడితే దాని కిడ్నీలు తట్టుకోలేవు. ఇక స్ట్రిప్పు మీద ఎక్స్‌ఎల్, ఈఆర్, ఎస్‌ఆర్ అన్న అక్షరాలు ఉంటే ఆ మాత్ర మందును కొద్దికొద్దిగా విడుదల చేయడానికి తయారుచేసినదని అర్థం. వాటిలో నడిమి గీత మీద సగం చేయదగ్గవి కొన్ని ఉన్నా, జంతువు కోసం పావులుగా కోయడం, నూరి కలపడం చేస్తే రోజంతటి మందు ఒక్కసారే దిగిపోతుంది.

మాత్ర కోయడం కూడా చిన్న పనేమీ కాదు. బ్లేడుతో ఉజ్జాయింపుగా నాలుగు ముక్కలు చేస్తే రెండు పెద్దవిగా, ఒకటి చిన్నదిగా వచ్చి, నాలుగోది పొడిపొడిగా రాలిపోతుంది. మనిషికి ఆ తేడా లెక్కలోకి రాదు. నాలుగు కిలోల ప్రాణికి వస్తుంది. షాపుల్లో మూతకు బ్లేడు బిగించిన చిన్న ప్లాస్టిక్ కట్టరు దొరుకుతుంది, అదొకటి కొనుక్కోవాలి. వీలైనంత తక్కువ బలం ఉన్న మాత్రను అడగాలి, ఎందుకంటే 5 మాత్రను ఎనిమిది చేయడం కంటే 2.5 మాత్రను నాలుగు చేయడం నయం. కోసిన ముక్కలను వెలుతురూ చెమ్మా తగలని డబ్బాలో పెట్టి వరుసగా నాలుగు రోజులూ అవే వాడితే, ఒక రోజు కొంచెం హెచ్చు మరో రోజు కొంచెం తగ్గు అయినా మొత్తం సరిపోతుంది. మందు ఖరీదు ఎవరికీ భారం కాదు. ఆమ్లోడిపిన్ పావు ముక్క ఒక రూపాయికి లోపే. ఖర్చంతా అది అవసరమో కాదో తేల్చే పరీక్షలోనే ఉంది, సరిగ్గా అక్కడే మనవాళ్లు పొదుపు చేస్తున్నారు.

ఆ పరీక్ష ఎలా చేయాలో ఇంటివారికీ తెలిసి ఉంటే మంచిది. మన చేతికి కట్టుకునే బీపీ మిషను పిల్లి కాలికి చుట్టి వచ్చిన అంకెకు విలువ లేదు. కాలి చుట్టుకొలతలో ముప్పై నుంచి నలభై శాతం వెడల్పు ఉండే చిన్న పట్టీని ముందు కాలికో తోకకో కట్టి, డాప్లర్ పరికరంతో రక్తం శబ్దం వింటూ కొలుస్తారు. పట్టీ ఇరుకైతే బీపీ ఎక్కువగా, వెడల్పయితే తక్కువగా చూపిస్తుంది. రేణిగుంట నుంచో చంద్రగిరి నుంచో ఎండలో స్కూటరు మీద బుట్టలో పెట్టి తెచ్చిన పిల్లిని, పక్కన కుక్కలు అరుస్తుండగా వెంటనే బల్ల మీద పెట్టి కొలిస్తే ఏ పిల్లికైనా బీపీ ఉంటుంది. అయిదు పది నిమిషాలు నిశ్శబ్దంగా ఉన్న గదిలో, యజమాని ఒడిలోనో బుట్టలోనో సర్దుకోనిచ్చి, మొదటి అంకెను పక్కన పెట్టి, తరువాత అయిదారు సార్లు కొలిచి సగటు తీయాలి. 2018లో అమెరికా పశువైద్య నిపుణులు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పై అంకె 140 లోపు ఉంటే భయం లేదు, 160 దాటితే బీపీ ఉన్నట్టు, 180 దాటితే కళ్లు, మెదడు, కిడ్నీ, గుండె దెబ్బతినే ప్రమాదం తీవ్రంగా ఉన్నట్టు లెక్క. మందు మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మళ్లీ కొలిపించాలి. ఈ రెండో కొలతకు వచ్చేవారు చాలా తక్కువ. పిల్లి బాగానే ఉందిగా అంటారు.

పిల్లి బాగానే ఉన్నట్టు కనపడడమే ఈ జబ్బులో ఉన్న మోసం. బీపీ పెరిగి పెరిగి ఒకనాడు కంటి వెనుక పొర ఊడిపోతుంది. నిన్నటి దాకా గోడల మీద నడిచిన పిల్లి తెల్లారేసరికి కుర్చీ కాళ్లకు కొట్టుకుంటూ, కంటిపాప పూర్తిగా విచ్చుకుని, వెలుతురు వేసినా ముడుచుకోకుండా ఉంటుంది. అప్పుడు కంటి చుక్కల కోసం షాపుకు వస్తారు. అది కంటి జబ్బు కాదు. ఆ రోజే బీపీ కొలిపించి మందు మొదలుపెడితే కొన్నిటికి చూపు కొంతైనా తిరిగి రావచ్చు, రెండు మూడు రోజులు ఆగితే ఆ ఆశ తగ్గిపోతుంది. పదేళ్లు దాటిన పిల్లికి, కిడ్నీ జబ్బు బయటపడిన పిల్లికి జబ్బు లక్షణం లేకపోయినా బీపీ చూపించడం ఇందుకే.

గుండె గోడ మందమైన పిల్లులకు క్లోపిడోగ్రెల్ రాస్తారు, లోపల రక్తం గడ్డకట్టి వెనుక కాళ్లకు పోయే నాళాన్ని మూసేయకుండా. పిల్లి ఉన్నట్టుండి వెనుక కాళ్లు ఈడుస్తూ గట్టిగా అరుస్తుంటే, ఆ కాళ్లు చల్లగా ఉంటే, పాము కరిచిందనో ఎవరో కొట్టారనో అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ మందు 75 మిల్లీగ్రాముల మాత్రలో పావు వంతు, మహా చేదు. నాలుకకు తగిలితే పిల్లి నోటి వెంట నురుగు కార్చి మర్నాటి నుంచి మనిషిని చూస్తేనే మంచం కింద దూరుతుంది. ఖాళీ జెలటిన్ గొట్టంలో (క్యాప్సూల్‌లో) పెట్టి ఇస్తే ఆ బాధ ఉండదు.

కుక్కల విషయానికి వస్తే, కవాటం జబ్బుకు ఇప్పుడు ముఖ్యమైన మందు పిమోబెండాన్. ఇది గుండె కొట్టుకునే బలం పెంచుతూ రక్తనాళాలను వదులు చేస్తుంది. 2016లో వెలువడిన ఎపిక్ అధ్యయనంలో 360 కుక్కలను పరిశీలించారు. గుండె పెరిగి ఇంకా ఆయాసం రాని దశలో ఈ మందు మొదలుపెట్టినవాటిలో గుండె వైఫల్యం సుమారు పదిహేను నెలలు వెనక్కి జరిగింది. కుక్క ఆయుష్షులో పదిహేను నెలలంటే సామాన్యం కాదు. అయితే గుండె పెరిగిందని ఎక్స్‌రే, ఎకో (గుండె స్కానింగ్) చూసి తేల్చుకున్నాకనే ఆ మాట. స్టెతస్కోపులో చిన్న శబ్దం వినపడగానే మొదలుపెట్టాలని కాదు. రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల ఎడంతో, తిండికి ఒక గంట ముందు ఇవ్వాలి, తిండితో కలిపితే మందు సరిగా ఒంటబట్టదు. "అన్నంలో కలిపి పెడుతున్నాము సార్" అని చెప్పేవారికి ఈ ఒక్క సంగతి చెప్పడానికే కౌంటరు దగ్గర నాకు చాలా సమయం పడుతుంది.

దగ్గు గురించి కూడా ఒక మాట. ముసలి పొమేరియన్ దగ్గుతోందంటే గుండె జబ్బేనని నిర్ణయించుకుని, పక్కింటివారి కుక్కకు రాసిన మాత్రలు తెచ్చి వేసే అలవాటు ఉంది. ఆ జాతుల్లో ఊపిరి గొట్టం మెత్తబడి నొక్కుకుపోవడం వల్ల కూడా అదే దగ్గు వస్తుంది. దానికి ఒంట్లో నీరు తీసే మాత్ర వేస్తే దగ్గు తగ్గదు సరికదా, ఊపిరి గొట్టాల్లో తేమ ఆరిపోయి ఇబ్బంది పెరుగుతుంది.

నీరు తీసే మాత్ర అంటే ఫ్రూసెమైడ్. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన కుక్కను గట్టెక్కించేది ఇదే, ఇళ్లలో ఎక్కువగా చెడగొట్టుకునేదీ ఇదే. మాత్ర పడగానే కుక్క గంటకోసారి మూత్రం పోస్తుంది, దానికి తగ్గట్టు విపరీతంగా నీళ్లు తాగుతుంది. పైఅంతస్తు ఫ్లాటులో ఉండేవారికి ఇది నిజంగానే అవస్థ. హాల్లో, మెట్ల మీద, లిఫ్టు ముందు తుడవలేక, "నీళ్లు తాగితేనే కదా పోస్తోంది" అని నీళ్ల గిన్నె తీసి పక్కన పెట్టేస్తారు. మాత్ర మాత్రం ఆపరు, డాక్టరు రాశాడు కాబట్టి. దీనికంటే ప్రమాదం లేదు. మందు కిడ్నీల చేత బలవంతంగా నీటిని బయటికి పంపిస్తూనే ఉంటుంది, లోపలికి చుక్క రాదు, ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే మన ఊళ్లో ఒకటి రెండు రోజుల్లోనే కిడ్నీలు చేతులెత్తేస్తాయి. నీళ్ల గిన్నె రాత్రింబవళ్లు నిండుగా ఉండాలి. అవస్థ తగ్గించుకోవడానికి వేరే దారి ఉంది: రెండో మోతాదు రాత్రి పడుకోబోయే ముందు కాక సాయంత్రం పెందలాడే పడేలా వేళలు మార్చవచ్చేమో డాక్టరును అడగడం, మాత్ర వేశాక రెండు గంటలు ఎవరో ఒకరు కిందికి తిప్పడానికి ఇంట్లో ఉండేలా చూసుకోవడం. కుక్కకు వాంతులో విరేచనాలో పట్టుకుని తిండీ నీళ్లూ మానేసిన రోజున మాత్ర వేసే ముందు డాక్టరుకు ఫోను చేయాలి. ఎనలాప్రిల్, బెనజెప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటివి తోడైనప్పుడు మొదలుపెట్టిన వారం రెండు వారాల్లో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం రక్తపరీక్షలు చేయించడం కూడా ఇందుకే.

ఈ మందుల మీద ఉన్న కుక్క కుంటుతోందని మన కీళ్ల నొప్పుల డైక్లోఫెనాక్, ఇబుప్రొఫేన్ ఇస్తే కిడ్నీలకు రెండో దెబ్బ తగిలినట్టే. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ వల్ల ఆ కళేబరాలు తిన్న రాబందులు తుడిచిపెట్టుకుపోతున్నాయని 2006లో దేశమంతటా పశువైద్యంలో దాన్ని నిషేధించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మనిషికి మామూలుగా పనిచేసే మందు మరో ప్రాణిలో ఏం చేస్తుందో చెప్పడానికి అంతకంటే పెద్ద ఉదాహరణ అక్కరలేదు. పిల్లికి పారాసెటమాల్ అయితే ఒక్క మాత్రే ప్రాణం తీయవచ్చు.

మాత్రను దేనిలో దాచి పెట్టాలన్నది మన ఊరికి ప్రత్యేకమైన సమస్య. తిరుపతి ఇళ్లలో లడ్డు ఎప్పుడూ ఉంటుంది. కొండకు వెళ్లివచ్చిన బంధువులు ఇచ్చినదో, మనం తెచ్చుకున్నదో. ప్రసాదం కాబట్టి పారేయరు, తీపి కాబట్టి కుక్క లొట్టలేస్తుంది, మాత్ర దాచడానికి మెత్తగా ఉంటుంది. అందులో ఉండే ఎండుద్రాక్ష చాలా కుక్కల కిడ్నీలకు విషం. ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేము. ఒక కుక్కకు ఏమీ కాకపోవచ్చు, మరొకదానికి రెండు మూడు రోజుల్లో మూత్రం ఆగిపోవచ్చు. నీరు తీసే మందు మీద ఉన్న కుక్కకు ఆ పరీక్ష పెట్టకూడదు. ఊరగాయ నూనె, అప్పడం, చిప్స్ ముక్కల్లో ఉప్పు ఎక్కువ, గుండె జబ్బుకు అది శత్రువు. ఉల్లిపాయ వేసిన కూర కుక్కకూ పిల్లికీ రక్తకణాలను చెడగొడుతుంది. ఉప్పు లేని ఇడ్లీ ముక్క, మెత్తగా ఉడికిన గుమ్మడి ముక్క, ఒక చెంచా పెరుగన్నం చాలు, తిండితో ఇవ్వవచ్చని డాక్టరు చెప్పిన మందుకైతే. పిల్లి గొంతులో వేసిన మాత్ర పొడిగా దిగితే ఆహార గొట్టంలోనే నిలిచిపోయి పుండు పెట్టవచ్చు. అందుకని సూదిలేని సిరంజితో అయిదు మిల్లీలీటర్ల నీళ్లు బుగ్గ పక్క నుంచి కొద్దికొద్దిగా వదలాలి.

శాకాహారుల ఇళ్లలో పెరిగే పిల్లుల గురించి రాయడానికి కొంచెం జంకుతున్నాను, ఆచారాల మీద వ్యాఖ్య అనుకుంటారేమోనని. పాలన్నం, పెరుగన్నం మీద మాత్రమే పెరిగిన పిల్లికి టారిన్ అనే పదార్థం అందదు. అది మాంసంలో, చేపల్లో ఉంటుంది. గింజల్లో, కూరల్లో ఉండదు. పిల్లి శరీరం తనకు చాలినంత తయారుచేసుకోలేదు. అది లేక పిల్లి గుండె కండరం పలచబడి వైఫల్యానికి దారితీస్తుందని, టారిన్ ఇస్తే ఆ గుండె తిరిగి కోలుకుంటుందని 1987లో కాలిఫోర్నియా పశువైద్య పరిశోధకులు నిరూపించారు. ఆ తరువాతే పిల్లుల ఆహారం తయారుచేసే కంపెనీలు టారిన్ పెంచి కలపడం మొదలుపెట్టాయి. అలాంటి పిల్లికి జీవితాంతం గుండె మాత్రలు వేస్తూ తిండి మార్చకపోతే ఆ వైద్యానికి అర్థం లేదు. ఇంట్లో మాంసం ఇష్టం లేనివారు పిల్లుల కోసం తయారైన పొట్లం ఆహారమైనా పెట్టాలి, టారిన్ విడిగా అయినా ఇవ్వాలి. అదీ వద్దనుకుంటే పిల్లిని పెంచుకోవడం గురించే మళ్లీ ఆలోచించుకోవడం మేలు.

దీనికి తోడు, మన మాత్రలు జంతువులు తినేయడం మరో ముప్పు. టీవీ స్టాండు మీద, దిండు కింద పెట్టిన బీపీ స్ట్రిప్పును కుక్కపిల్ల నమిలేయడం అరుదేమీ కాదు. ఆమ్లోడిపిన్, మెటోప్రొలాల్, అటెనోలాల్ వంటివి ఎక్కువగా పడితే బీపీ, గుండె వేగం రెండూ కుప్పకూలుతాయి. లక్షణాలు కొన్ని గంటలు ఆగి బయటపడవచ్చు కాబట్టి "ఆడుకుంటోందిగా" అని ఊరుకోకూడదు. వాంతి చేయించాలని ఉప్పునీళ్లు తాగించకూడదు, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. ఎన్ని మాత్రలు ఖాళీ అయ్యాయో లెక్కబెట్టి, ఆ స్ట్రిప్పును చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పోవాలి.

గుండె జబ్బు ఉన్న జంతువును ఇంట్లో కనిపెట్టి చూసుకోవడానికి ఏ మిషనూ అక్కరలేదు. గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు పైకి లేచి దిగుతోందో ముప్పై సెకన్లు లెక్కబెట్టి రెండింతలు చేస్తే చాలు. నిమిషానికి ముప్పై లోపు ఉంటే మందులు పనిచేస్తున్నాయని అనుకోవచ్చు. రెండు మూడు సార్లు చూసినా ముప్పై దాటుతుంటే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి, నలభై దాటి పొట్టతో ఊపిరి తీస్తుంటే తెల్లారే దాకా ఆగకూడదు. ఈ అంకెను ఒక నోటు పుస్తకంలో తేదీ పక్కన రాసి పెడితే, ఇంటివాళ్లు పెళ్లికనో ప్రయాణమనో పోతూ కుక్కను పక్కవారికి అప్పగించినప్పుడు కూడా పనికొస్తుంది. మాత్ర మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు ఒక్కటే వేయాలి, రెండు కలిపి వేయకూడదు. బాగైందని మనంతట మనమే ఆపనూ కూడదు. అటెనోలాల్ వంటివి హఠాత్తుగా ఆపితే గుండె లయ తప్పవచ్చు.

ఇక నా విన్నపాలు. 1955లో మొదలైన పశువైద్య కళాశాల, 2005 నుంచి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న ఊరు మనది. అయినా కుక్కకు ఎకో ఎక్కడ తీస్తారు, పిల్లికి బీపీ ఏ రోజుల్లో చూస్తారు అన్నది సామాన్యుడికి తెలిసే మార్గం లేక, చిత్తూరువారు వేలూరుకో చెన్నైకో బయలుదేరుతున్నారు. ఏ ఆసుపత్రిలో ఏ పరీక్ష, ఏ వారం, ఎంత రుసుము అన్న బోర్డు గేటు దగ్గర పెట్టి, అదే సంగతి పత్రికలకు ఇస్తే సగం మంది ప్రయాణం తప్పుతుంది. పశుసంవర్ధక శాఖవారు తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి వంటి చోట్ల పెద్ద ఆసుపత్రులకు తలా ఒక డాప్లర్ పరికరం, చిన్న పట్టీలు సమకూర్చడం పెద్ద ఖర్చు కాదు. పశువైద్యులు చీటీ మీద కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు, మిల్లీగ్రాములు, జంతువు బరువు, తిండికి ముందో వెనుకో రాస్తే మా వంటివారికి అనుమానం ఉండదు. "అర మాత్ర" అని మాత్రమే ఉంటే, ఆ బలం మాత్ర లేనప్పుడు కౌంటరులో కుర్రవాడు రెట్టింపు బలంది ఇచ్చి పంపే ప్రమాదం ఉంది. మందుల షాపుల మిత్రులకు కూడా ఒక మాట: ఇవన్నీ చీటీ మీద ఇవ్వవలసిన షెడ్యూల్ హెచ్ మందులు. కుక్కకో పిల్లికో అని చెప్పినప్పుడు చీటీ అడగండి, బరువు ఎంతో అడగండి, కలిపిన మాత్రను దాని బదులు ఇవ్వకండి.

మీ పత్రిక వారానికొకసారి పశువైద్య కళాశాల అధ్యాపకుల చేత పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు ఇప్పించే ఒక చిన్న శీర్షిక మొదలుపెడితే, మందుల షాపులో సాయంత్రం పూట నిలబడి అడిగే ప్రశ్నలు అడగవలసినవారికి చేరతాయి. ఆవులకు, గేదెలకు సంబంధించిన వ్యవసాయ పేజీ పక్కనే దానికి చోటు దొరుకుతుందని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
కొర్లగుంట, తిరుపతి